క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్: నా అనుభవం

నిన్న రాత్రి మా వాడు మూడు గంటలు గేమ్ ఆడాడు. పీసీ ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ మాట రాయడానికి నాకు ఐదు వారాలు పట్టింది.

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అన్నీ ఒక్క శనివారంలో కొనేశాం. ప్రాసెసర్ రైజెన్ 5 5600, కార్డు ఆర్‌టీఎక్స్ 3060. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగితే చాలు, అసలు రేటెంతో తెలిసిపోతుంది. ఆదివారం మధ్యాహ్నానికి బిగించడం కూడా అయిపోయింది.

తప్పు క్యాబినెట్ దగ్గర చేశాను, అదే, ఇవన్నీ బిగించే డబ్బా. "ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ సార్, 450 వాట్స్" అన్నాడు షాపతను. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటుని మార్చి పీసీ భాగాలన్నిటికీ ఇచ్చే పెట్టె. మురిసిపోయాను. డెబ్భై వేలు పెట్టినవాణ్ని నాలుగు వేల దగ్గర కక్కుర్తి పడ్డాను. కార్డుకి 8 పిన్‌ల వైరు కావాలి, అందులో లేదు. పాత హార్డ్ డిస్కులకు పెట్టే నాలుగు పిన్‌ల వైర్ల నుంచి మార్చే కన్వర్టర్ ఒకటి చేతిలో పెట్టాడు. అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు.

బ్రౌజర్, సినిమాలు రోజంతా నడుస్తాయి. గేమ్ పెడితే నాలుగు నిమిషాల్లో టక్. ఎర్రర్ లేదు, బ్లూ స్క్రీన్ లేదు, ఎవరో ప్లగ్ పీకేసినట్టే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి క్యాబినెట్ ఆటోలో వేసుకుని, మా వాణ్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. షాపతను స్విచ్ వేశాడు, డెస్క్‌టాప్ వచ్చింది. "నడుస్తుంది కద సార్?" అన్నాడు. గేమ్ పెట్టి చూడమన్నాను. "మీ ఇంట్ల కరెంట్ మంచిగ లేదు, స్టెబిలైజర్ పెట్టుకోండ్రి." కౌంటర్ దగ్గర నలుగురు కస్టమర్లున్నారు. ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం ఉందన్నాను. "యూట్యూబ్ చూసి అందరూ ఇంజినీర్లు అయితున్నరు" అన్నాడు, నా వైపు కాదు, వాళ్ల వైపు తిరిగి. వాళ్లు నవ్వారు. మా వాడు నా చొక్కా పట్టుకుని "డాడీ, పోదాం పా" అన్నాడు. పద్నాలుగేళ్లవాడు చిన్నప్పటిలా చొక్కా పట్టుకున్నాడంటే నా మొహం ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

వచ్చే వారం మళ్లీ వెళ్లాను. ఈసారి నేనే గేమ్ ఆన్ చేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. మూడు నిమిషాల నలభై సెకన్లకు టక్. "విండోస్ ప్రాబ్లెం సార్, ఫార్మాట్ కొట్టాలె, 500." కొట్టించాను కూడా! ఇంటికొచ్చాక మళ్లీ అదే టక్.

ఆ రాత్రి సైడ్ ప్యానెల్ తీసి, టార్చ్ వేసి, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మొదటిసారి పూర్తిగా చదివాను. 450 అని పెద్దక్షరాలు. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192. అంతే, 192 వాట్లు! కార్డు, ప్రాసెసర్ బతికేది ఈ 12 వోల్టుల మీదే. కార్డు ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. ప్రాసెసర్ పేరుకి 65 అయినా గేమ్‌లో 76 దాకా పోతుంది. కలిపితే 246. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు అంత లాగదు, అందుకే షాపులో మొదటిసారి "నడుస్తుంది కద". మిగతా వాట్లన్నీ 3.3, 5 వోల్టుల గడుల్లో చూపించి 450 చేశారు. ఇంటర్ ఫిజిక్స్ చదివిన ఎవరికైనా నిమిషం పని. చదివిన నేను నెల తీసుకున్నాను.

ఆ తర్వాత కొనడం తేలికే. ఆ షాపులో కాదు లెండి. ఈ కార్డుకి దాని చిప్ కంపెనీ ఎన్‌విడియా వాళ్లే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చెప్తారు. వేరే షాపులో 850 వాట్ల గోల్డ్ అంటగట్టబోయారు. 80 ప్లస్ అనే కరెంటు పొదుపు రేటింగ్‌లో బ్రాంజ్‌కీ గోల్డ్‌కీ సగం లోడ్‌లో తేడా ఐదు శాతం, 85, 90. అంటే నా సిస్టమ్‌కి రోజూ నాలుగు గంటలు ఆడినా నెలకు రెండు యూనిట్లే తేడా. పైగా గోల్డ్ అన్నది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే మాటే, క్వాలిటీకి గ్యారంటీ కాదు. 550 బ్రాంజ్ తీసుకున్నాను. 12 వోల్టుల గడి నేనే చూశాను, 43 ఆంపియర్లకు పైనే. ఐదేళ్ల వారంటీ. వంటింటి కాటా మీద రెండూ పెడితే కొత్తది పాతదానికి రెట్టింపు పైనే తూగింది.

బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త: ప్రాసెసర్ వైరూ, కార్డు వైరూ రెండూ 8 పిన్‌లే. వైరు చివర ప్లగ్ మీద ఏం రాసుందో చూడండి, దూరకపోతే బలవంతంగా నొక్కొద్దు.

బిల్లులో ఎస్‌ఎంపీఎస్‌కి విడిగా లైను, సీరియల్ నంబరు రాయించుకోండి. నా బిల్లులో "క్యాబినెట్" అని ఒక్క మాటే ఉంది. ఫ్రీగా ఇచ్చినదానికి రిటర్న్ ఎక్కడిది సార్ అన్నాడు ఆ మొదటి షాపతను. ఫార్మాట్‌కి తీసుకున్న 500 కూడా ఇవ్వలేదు.