దొప్ప ఎటు పోయిందో చూశావా

తిరుపతి వాళ్ళకి సముద్రంతో చుట్టరికం కొత్తది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వాకాడు మండలంలోని తూపిలిపాళెం తీరం మా జిల్లాలోకి వచ్చింది. అప్పట్నుంచి 'మన బీచ్' అంటున్నాం. నేనైతే చంద్రగిరి పక్కన మా తాత బావిలో నడుముకి బెండు కట్టుకుని ఈత నేర్చినవాణ్ణి. బావిలో ఈదినవాడు ఎక్కడైనా ఈదుతాడని ఒక పొగరు.

పోయిన కార్తీక పౌర్ణమికి చీకటితోనే బయల్దేరి స్నానానికి వెళ్ళాం. ఒడ్డంతా జనం. అలలు వరసగా తెల్లగా విరిగిపడుతున్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం, రెండు బస్సులు పక్కపక్కన పట్టేంత మేర, నీళ్ళు నున్నగా ఉన్నాయి. "అక్కడైతే అలల గోల ఉండదురా, పద" అన్నాను మా అక్క కొడుకుతో.

వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తకుండానే "ఆడ దిగబాకండి సార్" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది.

ఈలోగా మా ఆవిడ దీపం పెట్టి వదిలిన అరటి దొప్పని అల రెండుసార్లు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గరే బోర్లేసింది. విసుగొచ్చి ఆ నున్నటి చోట, చీలమండ లోతులో వదిలింది. ఈసారి దొప్ప వెనక్కి రాలేదు. ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు నేరుగా లోపలికి పోయింది. చూస్తుండగానే అలలు విరిగే వరస దాటేసింది.

ఇలా ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాన్నే రిప్ కరెంట్ అంటారు. అలలు ఒడ్డుకి తోసిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి కదా, ఇసుక తిన్నెల మధ్య సందు దొరికిన చోట కాలువ కట్టి పోతాయి. ఆ సందులో లోతెక్కువ, అందుకే అల విరగదు. రంగు కాస్త ముదురుగానో, ఇసుక కలిసి మడ్డిగానో ఉంటుంది. నురగ లోపలి వైపు పోతుంటుంది. వేగం ఒక్కోసారి సెకనుకి 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్ళకే ఎదురీదడం కష్టం, ఇక నేనెంత?

అది మనిషిని కిందికి ముంచదు, లోపలికి మోసుకుపోతుంది. మునిగేది ఎదురీది అలిసిపోయాక. బావిలో గట్టు కనపడగానే అటే చేతులు వేస్తాం, ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచుతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యాలి. ఓపికుంటే ఒడ్డు వెంబడి పక్కకి ఈది, అలలు విరిగే చోటికి చేరి, అక్కణ్ణుంచి ఒడ్డుకి రావాలి. కొట్టుకుపోయేవాడి కోసం ఇంకొకరు దూకితే ఇద్దరూ పోవచ్చు. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్ విసరడం మేలు. ఇప్పుడు మా డిక్కీలో ఒకటి ఉంటోంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళ అలల హెచ్చరిక చూడకుండా బండి తియ్యడం లేదు.

"మళ్ళా వస్తే ఈ సందు ఈడే ఉంటాదనుకోబాకండి, జరగతా ఉంటాది" అన్నాడు పెద్దాయన.

అలలు విరిగేచోటే, మోకాలి లోతులో మునిగాం. మొదటి అలకే నేను బోర్లా పడి ఉప్పునీళ్ళు తాగాను. నాయుడుపేట దాకా మావాడు "బావి ఈత మామా!" అని నవ్వుతూనే ఉన్నాడు.