నైలాన్ తీగలా, స్టీల్ తీగలా

ఈ రోజు ఆదివారం. పొద్దున్నే హైదరాబాద్ నుంచి తమ్ముడు వచ్చాడు, భుజాన వాడి స్నేహితుడి క్లాసికల్ గిటార్, నైలాన్ తీగలది. నెల రోజులుగా నేను నేర్చుకుంటున్నది వాడి స్టీల్ తీగల గిటార్ మీద. ఇక సొంతానికి ఒకటి కొనుక్కోవాలి. "రెండూ వాయించి చూసుకో అక్కా, సాయంత్రం దాకా టైముంది" అన్నాడు.

స్టీల్ గిటారే కొనాలని నా మనసులో దాదాపు ఖాయం చేసుకున్నాను. మెడ సన్నగా ఉంటుంది, పిడికిలిలో ఒదుగుతుంది. వేళ్ల చివర కాయలు కాసేదాకా నొప్పి భరించాను కదా, ఆ కష్టం వృథా పోవడం ఎందుకు? క్లాసికల్ ఒళ్లో పెట్టుకోగానే మెడ పలకలా వెడల్పుగా తగిలింది. తల దగ్గర 52 మిల్లీమీటర్లు ఉంటుందట, స్టీల్ దానికి 43 చాలు. కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే పట్టు. ఎఫ్ కార్డ్‌కు చూపుడువేలు అడ్డంగా పరిచి తీగలన్నీ నొక్కాలి, నా వేలు చాలనే లేదు. పైగా కొత్త తీగలు, నైలాన్ సాగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం లోపల నాలుగుసార్లు శ్రుతి చేయాల్సి వచ్చింది.

"దీనికే స్టీల్ తీగలు వేసుకుంటే?" అని అడిగాను. తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. ఆరు స్టీల్ తీగలు కలిసి దాదాపు 70 కిలోల బరువంత లాగుతాయట, నైలాన్ 40 కిలోలకు అటూ ఇటూ. నైలాన్ కోసం పల్చగా చేసిన చెక్క అంత లాగుడుకు ఆగదు, తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి ఊడి వస్తుంది. స్టీల్ గిటార్ మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటుంది, చాలా క్లాసికల్ గిటార్లకు ఉండదు. చూడడానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నా వేరు వేరు వాయిద్యాలే అనిపించింది.

మధ్యాహ్నం ఎండకు వీధిలో మనిషి లేడు. అమ్మ కూలర్ ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తూ పాట అందుకుంది, ప్రతి చరణం చివర ఉయ్యాలో వచ్చే పాట. పని చేసేటప్పుడు తనకు పాట ఉండాల్సిందే. గొంతు ఇప్పుడు బాగా తగ్గింది. నేను స్టీల్ గిటార్ తీసి మెల్లగానే వాయించాను. రెండు చరణాలకు అమ్మ గొంతు పెంచింది, మూడో చరణానికి ఆపేసింది. ఆయాసం వచ్చిందేమో అనుకున్నాను.

క్లాసికల్ తీసుకున్నాను. అమ్మ శ్రుతికి అందక తీగలన్నీ సగం స్వరం కిందికి దించి, ఒకే ఒక్క కార్డ్ పట్టి, బొటనవేలితో మీటాను. నైలాన్ సవ్వడి మెత్తగా వచ్చి తొందరగా అణిగిపోతుంది. ఆ ఖాళీలో అమ్మ మాట పడింది. పాట సాగింది, ఒకటి అయిపోయి ఇంకోటి. నేను పుట్టకముందు నాట్ల కాడ పాడిన పాట కూడా వచ్చింది, నేనెప్పుడూ విననిది.

"గీ సప్పుడు నా గొంతుకు అడ్డం వస్తలేదు బిడ్డా" అంది.

ఎఫ్ కార్డ్‌కు వేలు సాగదీసుకుంటాను, ఎన్ని నెలలైనా సరే.

సాయంత్రం బస్సుకు తమ్ముడు రెండు గిటార్లూ తీసుకుని వెళ్లిపోయాడు. వచ్చే ఆదివారం నేనే హైదరాబాద్ వెళ్లి క్లాసికల్ కొనుక్కొస్తాను. గంపలో చింతపండు ఇంకా సగం ఉంది. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దని అమ్మకు చెప్పాను.