ఆ రాత్రి నా చేతిరాత

మా ఉద్దానంలో ఒళ్ళు నీరసించిందంటే ముందు కిడ్నీల కోసం చేసే క్రియాటినిన్ పరీక్షే. నాకూ అదే చేశారు. కిడ్నీలు బాగున్నాయనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మెడ దగ్గర గడ్డ చూపిస్తే మొదటి డాక్టరు "కొవ్వు గడ్డ, వదిలేయండి" అన్నాడు. చెయ్యి పెట్టి కూడా చూడలేదు. ఆ ఒక్క మాటతో నెలలు పోయాయి. ఆయన మీద కోపం ఇంకా తీరలేదు.

బయాప్సీలో లింఫోమా అని తేలింది, అంటే బి-కణాలనే తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. కీమోతో తగ్గి, ఏడాది తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. అప్పుడు ముంబైలో ఒక డాక్టరమ్మ కార్-టి అనే కణాల వైద్యం గురించి చెప్పారు. మన రక్తంలోంచి టి-కణాలు, అంటే జబ్బుతో పోరాడే తెల్లరక్తకణాలు తీసి, వైరస్ సాయంతో వాటిలోకి కొత్త జన్యువు పంపుతారు. దాంతో కణం మీద కొత్త గ్రాహకం వస్తుంది. దాని బయటి కొస బి-కణాల మీదుండే సీడీ19 అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, పట్టుకోగానే లోపలి కొస చంపమని కణానికి సంకేతమిస్తుంది. మంచి బి-కణాలూ పోతాయని ముందే చెప్పారావిడ. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన కార్-టి వైద్యం నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. విదేశాల్లో కోట్లయ్యేది ఇక్కడ లక్షల్లోనే అవుతుందట. ఆ లక్షలకే జీడితోట అమ్మాలి.

మా పెద్దమావయ్య నా ఎదుటే మా ఆవిడతో, "ఉన్న తోట కాస్తా అమ్మేస్తే రేపు పిల్ల పెళ్ళికేటి పెడతావమ్మా?" అన్నాడు. ఆవిడ మాట్లాడలేదు. లోపలికెళ్ళి పాసుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

కణాలు ఎక్కించడం పెద్ద పనేం కాదు. తర్వాత జ్వరం పట్టుకుంది, టోసిలిజుమాబ్ అనే మందు ఇస్తే దిగింది. అసలు భయం అప్పుడు మొదలైంది. పూటపూటకీ సిస్టర్ వచ్చి వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టమనేది, కాగితం మీద ఒక వాక్యం రాయించేది. ఎక్కించిన కణాల ప్రభావం మెదడుకి పాకితే చేతిరాతలో తెలిసిపోతుందట. "మాది పలాస" అని రాసేవాణ్ణి. ఆ రాత్రి తొంభై దగ్గర ఆగిపోయాను. తర్వాతి అంకె తెలుసు, నోరు తిరగదు. రాయమంటే రాశాను, బాగానే రాశాననుకున్నాను. మా ఆవిడ మొహం చూశాక మళ్ళీ కాగితం చూసుకున్నాను. అన్నీ గీతలే. ఆవిణ్ణి చూపించి పేరేంటని అడిగారు. చెప్పలేకపోయాను.

స్టెరాయిడ్లు మొదలెట్టారు. ఆ సిస్టర్ రాత్రంతా వచ్చి చూస్తూనే ఉంది. ఆమె రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదు. తెల్లారాక "పలాస" వంకరగానైనా వచ్చింది. మా ఆవిడ అప్పుడు ఏడ్చింది.

స్కాన్‌లో ఇప్పుడేమీ లేదు. రోగాల్ని అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్లు తక్కువగా ఉన్నాయని అప్పుడప్పుడు ఎక్కిస్తున్నారు. జనంలోకి వెళ్ళొద్దన్నారు కాబట్టి అమ్మ మొక్కు రథసప్తమికి కాకుండా మామూలు రోజున అరసవల్లి వెళ్ళి తీర్చాం. గడ్డ కనిపిస్తే మాత్రం ఒక్క డాక్టరు మాటతో ఊరుకోకండి, ముక్క తీసి పరీక్ష చేయమని అడగండి.

మావయ్య ఇప్పుడు తోట అమ్మమన్నది తనేనని ఊరంతా చెప్పుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి, ఆ కణాల వైద్యం మోకాళ్ళ నొప్పులకి పనిచేస్తుందా అని అడిగాడు. పనిచేయదని చెప్పి పెట్టేశాను.