తెరకు వీపు పెట్టి చూసిన పాట

2017 ఫిబ్రవరిలో మా పాటను మొదటిసారి కాలేజీ సెమినార్ హాల్లో వేశాం. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం ఆరుగురం కలిసి తీసిన మ్యూజిక్ వీడియో అది. నిడివి 4 నిమిషాల 38 సెకన్లు. మాటలు మా బ్యాచ్‌లోని అమ్మాయి రాసింది, బాణీ అందరం కూర్చుని కట్టుకున్నాం. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన కాలువ నీళ్లు మా ఊళ్లోని చిట్టచివరి చేను దాకా ఎలా వస్తాయో చెప్పే పాట. అయిపోగానే హాలంతా చప్పట్లు. గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడిగాం, ఎలా ఉందండీ అని.

"ఆయ్, బాగుందండి."

జూనియర్లు, లైబ్రరీ అటెండరు గారు, క్యాంటీన్ బాబాయ్, అందరిదీ అదే మాట. మన గోదావరి మనుషుల సంగతి మీకు తెలియంది కాదు. ఒకరింటికి వెళ్లి కాఫీ తాగి పంచదార ఎక్కువైందని చెబుతామా? ఎండలో పడి కష్టపడిన పిల్లల ముఖం మీద బాగాలేదని అనడానికి ఎవరికీ నోరు రాదు. అది వాళ్ల మంచితనం. కానీ ఆ మాట పట్టుకుని పాటలో ఒక్క షాట్ కూడా మార్చుకోలేం.

మా ప్రాజెక్టు చూసిన మాస్టారు మాత్రం బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "ఇది కాలువ మీద బతికేవాళ్ల పాట కదా, వాళ్లకి వేసి చూపించండి. వేసేటప్పుడు నువ్వు తెర వైపు చూడకు. తెర పక్కన కుర్చీ వేసుకుని జనం వైపు తిరిగి కూర్చో. పాట ఎన్నో సెకనులో ఉందో, అప్పుడు ఎవరు ఎటు చూస్తున్నారో రాసుకో" అన్నారు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది.

మరుసటి వారం మా ఊరి రామాలయం దగ్గర రెండు స్తంభాల మధ్య తెల్ల దుప్పటి కట్టాం. ప్రొజెక్టర్ కాలేజీది, స్పీకర్లు మా బాబాయివి. అరుగు మీద, రోడ్డు మీద కలిపి అరవై మంది దాకా కూర్చున్నారు. నేను తెరకు వీపు పెట్టి, ఒళ్లో నోట్‌బుక్, చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాను. అంతమంది ముఖాలు ఒకేసారి చూడటం నాకు అదే మొదలు. తెర మీద వెలుగు మారినప్పుడల్లా వాళ్ల కళ్లల్లో అది కనిపించేది.

మా పాట మొదట్లో 48 సెకన్ల పాటు కొబ్బరితోటలు, వంతెనలు, పొద్దుపొడుపులే ఉండేవి. బైక్ వెనక కూర్చుని, గౌతమి వంతెన మీద తెల్లవారుజామున నిలబడి ఎంతో ఇష్టంగా తీసిన షాట్లు. 20వ సెకనుకి ముందు వరసలో పిల్లలు ఒకరినొకరు గిల్లుకోవడం మొదలుపెట్టారు. 30వ సెకనుకి అరుగు మీద ఇద్దరు ధాన్యం డబ్బుల మాటల్లో పడ్డారు. 49వ సెకనులో గట్టు మీద వల అల్లుతున్న ముసలాయన చేతులు వచ్చాయి. మాటలు ఆగిపోయాయి. తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం వచ్చినప్పుడు ఒక పెద్దాయన కూర్చున్నచోటే రెండు చేతులూ జోడించారు. 1852లో ఆనకట్ట పూర్తయి నూట అరవై ఐదేళ్లు అవుతున్నా ఆ చేతులు అలాగే లేస్తున్నాయి. మేము ఆ విగ్రహాన్ని రెండు సెకన్లు మాత్రమే ఉంచాం.

కొబ్బరితోటలు వాళ్లు రోజూ చూసేవే. బయటివాళ్లకి కనువిందుగా ఉండేది మా వాళ్లకి పెరడు. వాళ్లు మనుషుల కోసం ఎదురుచూస్తున్నారని ఆ నోట్‌బుక్ పేజీ చూశాక అర్థమైంది. ఆ 48 సెకన్లని 14కి తగ్గించాం. విగ్రహం షాట్‌ని ఆరు సెకన్లు చేశాం.

పాట అయ్యాక అడిగే ప్రశ్నలు కూడా మార్చుకున్నాం. బాగుందా అని అడగకూడదని ఆరుగురం ఒట్టేసుకున్నాం. "ఇంటికెళ్లి దీని గురించి ఏం చెబుతారు? ఎక్కడ లేచి వెళ్దామనిపించింది? ఎక్కడ అర్థం కాలేదు?" ఇలా అడిగితే మాటలు వాటంతటవే వచ్చాయి.

వీడియోలో పాడుతూ కనబడే కుర్రాడి గురించి గుడి దగ్గర డోలు వాయించే పెద్దాయన అన్న మాట నేనెప్పటికీ మర్చిపోను. "కుర్రాడు గట్టు మీద తాళంలోనే ఉన్నాడు. పడవెక్కాక వెనకబడ్డాడు బాబూ." మా ఎడిటర్ ఒప్పుకోలేదు. అన్ని షాట్లూ కెమెరాలో రికార్డయిన ధ్వనితో పోల్చి, పాట ట్రాక్‌కి అతికించానని చెప్పాడు. రూముకెళ్లి ఒక్కొక్క ఫ్రేమూ కదిపి చూశాం. ఆయన చెప్పింది నిజమే. దగ్గర షాట్లలో పెదవులు సరిగ్గానే కలుస్తున్నాయి, పడవ షాట్లలో అన్నిచోట్లా కాస్త ఆలస్యంగా కదులుతున్నాయి. కారణం మాత్రం దొరకలేదు. రెండు రోజులు ఒకటే టెన్షన్.

చివరికి ఫిజిక్స్ మేడమ్ బోర్డు మీద లెక్క వేసి చూపించారు. గోదావరి పాయ వైనతేయ మీద తీసినరోజు పాట వేసే స్పీకరూ కెమెరా రెండూ గట్టునే ఉన్నాయి. పడవ నలభై మీటర్ల దూరంలో ఉంది. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. అంటే పడవలో ఉన్నవాడికి పాట సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యంగా వినబడింది, వాడు విన్నదాన్ని బట్టే పెదవులు కదిపాడు. సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి అది దాదాపు మూడు ఫ్రేములు. పడవ షాట్లన్నిటినీ మూడేసి ఫ్రేములు ముందుకి జరిపాం. అంతే, అతికినట్టు కలిసిపోయింది. ఏ లెక్కా లేకుండా, అరుగు మీద కూర్చుని ఒక్కసారి చూసి ఆ మూడు ఫ్రేముల తేడా పట్టుకున్న ఆయన చెవికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ఇంకో రైతు అడిగిన ప్రశ్న మరీ సూటిగా ఉంది. "ఆషాఢంలో నాట్లేస్తున్నారని పాడారు. వెనకాల ఆ మంచు ఏంటి? ఆ కొత్త గడ్డిమేటేంటి?" మేము నాట్లు తీసింది సంక్రాంతి సెలవుల్లో. అవి దాళ్వా నాట్లు, అంటే రెండో పంటవి. మొదటి పంట సార్వా కోసి నూర్చిన గడ్డి పచ్చగా మెరుస్తూ మేటు వేసి ఉంది. పాట రాసిన అమ్మాయి సార్వా నాట్లని మనసులో పెట్టుకుని ఆషాఢం అని రాసింది. పల్లెలో పుట్టి పెరిగిన ఆరుగురం ఎడిటింగ్ రూములో అన్ని రోజులు చూసి కూడా దీన్ని గమనించలేదు. జూలై దాకా ఆగి మళ్లీ తీసే వీలు లేదు, అప్పటికి మా చదువే అయిపోతుంది. ఆ రాత్రే ఆమె రెండు పాదాలు మార్చి, పుష్యమాసపు మంచులో మోకాలి లోతు చల్లటి నీళ్లలో దిగడం గురించి రాసింది. నా ఉద్దేశంలో పాట మొత్తానికి మంచి పాదాలు అవే.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు మీద ఫోన్‌లో కొందరికి చూపించాం. ఇంజిన్ చప్పుడులో మాటలు అసలు వినబడలేదు. చిన్న స్పీకర్‌లో డప్పు దరువు బరువంతా పోయి, కీబోర్డు ఒక్కటే కీచుమని వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మిక్స్ చేసినవాళ్లకి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. గొంతులో హల్లులు స్పష్టంగా పలికే మేర, అంటే రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మధ్య కీబోర్డుని తగ్గించి గొంతుకి దారి ఇచ్చాం. ఆ తర్వాత మిక్స్ మార్చిన ప్రతిసారీ ముందు ఫోన్‌లో విన్నాకే ఖాయం చేసేవాళ్లం.

అందరూ చెప్పినవన్నీ చేయలేదు. హాస్టల్ కుర్రాళ్లు స్లోమోషన్‌లో నడక పెట్టమన్నారు, బీట్ పెంచమన్నారు. వాళ్లు అడిగినచోటు చూస్తే అది రెండో చరణం. అక్కడే రామాలయం దగ్గర కూడా తలలు అటూ ఇటూ తిరిగాయి. అక్కడ సాగతీత ఉందన్నది నిజం, నడక పెట్టడం మాత్రం మా పాటకి మందు కాదు. ఒకేలా ఉన్న నాలుగు కాలువ షాట్లు తీసేశాం, సరిపోయింది.

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి. మా వీడియోలో అన్నిటికంటే మేము గొప్పగా చెప్పుకున్న షాట్ ఒకటుంది. నాట్లేసే వరసలో ఒకావిడ నడుం వంచి నాటుతూ, ఒక్కసారి తలెత్తి నుదుటి మీద బురద తుడుచుకుంటుంది. వెనక నుంచి పొద్దుటి వెలుగు. మాస్టారికీ అదే నచ్చింది. రామాలయం దగ్గర ఆ షాట్ వచ్చినప్పుడు నేను జనాన్ని చూస్తున్నాను. అందరూ కళ్లప్పగించి చూస్తున్నారు. ఒక మూల ఒక్క మనిషి మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆవిడే ఈవిడ.

నోట్‌బుక్‌లో సెకను రాశాను, ఇంకేం రాయాలో తెలియలేదు. మర్నాడు వాళ్లింటికి వెళ్లాం. మొదట ఏమీ లేదు బాబూ అంది. మంచినీళ్లిచ్చింది. చాలాసేపటికి చెప్పింది. "చీర ఎగదోపుకుని బురదలో ఉన్నదాన్ని, ఊరందరి ముందూ అంత పెద్దగా వేశారు. చెల్లెలి అత్తగారు కూడా అక్కడే ఉంది." తీసేటప్పుడు ఆవిడని అడిగాం, సరేనంది. ఫోన్‌లో ఫొటో లాంటిదేదో అనుకుంది. దుప్పటంత పెద్దగా కనబడుతుందని మేము చెప్పలేదు. ఆవిడ దగ్గర క్షమాపణ అడిగి వచ్చాం. ఆ రాత్రే షాట్ తీసేశాం. మా ఎడిటర్ ఫైల్ కూడా చెరిపేశాడు, మేమెవ్వరం అడగకుండానే.

ఆ చోట ఆరు సెకన్ల ఖాళీ మిగిలింది. ఏం పెట్టాలో తోచక వారం తిరిగాం. ఆవిడే కబురు పంపింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని గుమ్మంలో కూర్చుంది. "మీ పాటలో నాట్ల పాట దరువు లేదు బాబూ, మేం పాడేది ఇలా ఉంటుంది" అని అరిటాకు కోస్తూ చిన్నగా కూనిరాగం తీసింది. తీసే ముందు కెమెరా స్క్రీన్ తిప్పి, ఎంతమేరకు కనబడుతుందో ఆవిడకి చూపించాం. ఆ కూనిరాగం మీదే మా చివరి చరణం మొదలవుతుంది.

మార్చి నెలాఖరున మళ్లీ అదే దుప్పటి కట్టాం. డోలు పెద్దాయన ముందు వరసలో కూర్చున్నారు. పడవ షాట్ రాగానే ఆయన వేళ్లు మోకాలి మీద తాళం వేయడం చూశాను. ఆవిడ కూనిరాగం వచ్చినప్పుడు ఆడవాళ్ల వరసలో ముగ్గురు నలుగురు గొంతు కలిపారు. ఆవిడ ఈసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్లు మాత్రం తెర మీదే ఉన్నాయి.

పాట అయిపోయాక బాగుందని ఎవరూ అనలేదు. వెనక నుంచి ఎవరో "ఇంకోసారి వెయ్యండి బాబూ" అన్నారు.

వేశాం.