మాట పోయింది, లెక్క పోలేదు

మాట తడబడితే బుర్ర కూడా పోయినట్టేనని మనవాళ్లకో గట్టి నమ్మకం. మా మేనమామకు స్ట్రోక్ వచ్చి మాట పడిపోయాక, మలక్‌పేటలో వాళ్లింటికి చూడ్డానికి వచ్చినవాళ్లు చెవి దగ్గరికి వంగి గట్టిగా అరవడం, లేదంటే ఆయన ఎదురుగానే అత్తయ్యని "మనుషుల్ని గుర్తుపడుతున్నాడా?" అని అడగడం. చెవులకేం కాలేదు మహానుభావా, గుర్తుపట్టడమే కాదు, నువ్వు దుకాణంలో పెట్టిన బాకీ కూడా గుర్తుంది ఆయనకి.

ఇలా మెదడు దెబ్బతిని మాట పడిపోవడాన్ని డాక్టర్లు అఫేసియా అంటారు. మామయ్య నోటికి "అదే... అదే" తప్ప ఇంకో మాట రావడం కష్టం, మనం పొడుగ్గా చెప్పేవీ సరిగా అందవు. కానీ రమ్మీకి కూర్చోబెట్టి చూడండి. ముక్కలు ఎడంచేత్తో మెల్లగా సర్దుకుంటాడు. నేను ఇస్పేటు తొమ్మిది పారేశానంటే ఎనిమిదీ పదీ కూడా నాకు పనికిరావని లెక్కగట్టి ధైర్యంగా వదిలేస్తాడు, కళావరు రాణి ఎత్తుకున్నానంటే మాత్రం కళావరు జాకీ ఆట అయ్యేదాకా ఆయన చేతిలోంచి బయటికి రాదు. అవతలివాడి మనసులో ఏముందో పసిగట్టడమే కదా ఇది, దీనికి ఒక్క మాటా అక్కర్లేకపోయింది.

ఇది మామయ్య ఒక్కడి గొప్పేం కాదు. బ్రిటన్ పరిశోధకురాలు రోజ్‌మేరీ వార్లీ బృందం 2005లోనే చూపించింది: ఎవరు ఎవర్ని చంపారో వాక్యం చదివి చెప్పలేని అఫేసియా రోగులు బ్రాకెట్లున్న లెక్కలు చేయగలిగారు. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధించే ఎవెలీనా ఫెడొరెంకో, ఆమె సహచరులు 2024 జూన్‌లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసం కూడా ఇదే మాట మీద నిలబడింది. మెదడులో భాష చూసుకునే భాగాలు మనం మాట్లాడేటప్పుడు, చదివేటప్పుడు జోరుగా పనిచేస్తాయి, అదే లెక్కలు చేసేటప్పుడు స్కానర్‌లో పెట్టి చూస్తే పెద్దగా కదలవు. భాష ముఖ్యంగా ఒకరి ఆలోచన ఇంకొకరికి అందించడానికి, ఆలోచన పుట్టేది అందులో కాదు అని వాళ్ల వాదన. నాకు చాలావరకు సబబుగానే అనిపించింది. కాకపోతే మామయ్య తలలో ఉన్న వ్యాపారం తెలివంతా కూడా ఒకప్పుడు ఎవరో చెబితే, ఆయన వింటే వచ్చిందే కదా, ఆ అప్పు ఏ స్కాన్‌లో కనిపిస్తుంది?

ఇక మన హైదరాబాద్‌లోనే, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో జరిగిన పని గురించి ఇక్కడ ఎంతమందికి తెలుసో. సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతి, ఆలోచన మెల్లమెల్లగా తగ్గిపోయే జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. 2016లో 608 మంది స్ట్రోక్ రోగుల మీద అదే బృందం ప్రచురించింది ఇంకా ఆసక్తికరం: స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో నూటికి 40, ఒకే భాషవాళ్లలో 20. మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు! అంటే లాభం నోటికి కాదు, ఆలోచనకి; అది ఒక భాష మాట్లాడుతూ రెండోదాన్ని ఆపుకుంటూ తిరిగే ఆ రోజువారీ కసరత్తు వల్ల అయ్యుండాలని పరిశోధకుల ఊహ. వేరే దేశాల్లో కొన్ని అధ్యయనాలకు ఇలాంటి తేడా దొరకలేదు, కాబట్టి వాదన ఇంకా నడుస్తోంది. మామయ్య ముప్పై ఏళ్లు గల్లాపెట్టె దగ్గర ఒక గిరాకీతో తెలుగు, పక్క గిరాకీతో ఉర్దూ మాట్లాడినవాడు, అందుకే నేను నిమ్స్ వైపే మొగ్గుతాను.

హైటెక్ సిటీ ఇంటర్వ్యూల్లో గలగలా ఇంగ్లీషు మాట్లాడినవాడికి మార్కులేసే పెద్దలకు ఇవన్నీ ఎవరు చెప్పాలి, అది వేరే పోస్టు.

దుకాణం అద్దె పెంపు గురించి మొన్నటిదాకా మామయ్యని పక్కనపెట్టి మిగతావాళ్లే మాట్లాడుకున్నారు. ఇప్పుడు అత్తయ్య కాగితం మీద అంకె రాసి ముందు పెడుతోంది. నచ్చితే తల ఊపుతాడు, లేకపోతే పెన్ను లాక్కుని కొట్టేసి, పక్కన తన అంకె వేస్తాడు. ఓనరు ఇంకా దిగిరాలేదు.