ఎండ లేని ఊళ్ళో గుడ్డలు ఆరబెట్టడం

తిరుపతిలో మే నెల ఎండకి మిద్దె మీద దండేనికి వేసిన చొక్కా గంట తిరిగేసరికి పెళపెళమంటూ చేతికొస్తుంది. అందుకే మన వైపు వాళ్ళకి గుడ్డలు ఉతకడం బాగా వచ్చు గానీ, ఆరబెట్టడం నేర్చుకునే అవసరం ఎప్పుడూ రాలేదు. ఆ పని ఎండే చేసిపెట్టింది. వీపుకి సంచి తగిలించుకుని రెండు మూడు నెలలు దేశాలు తిరగడానికి బయల్దేరినవాళ్ళు మొదటి వారంలోనే దెబ్బ తినేది ఇక్కడే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వియత్నాంలోని హనోయ్‌లో ‘నోమ్’ అనే ముసురు పడుతుంది. గోడలకీ నేల పలకలకీ చెమట పట్టేంత తేమ. ఆ గదిలో ఉతికిన జీన్స్ రెండు రోజులైనా ఆరదు, మూడో రోజుకి ముక్కిన వాసన వేస్తుంది. అందుకని ఇందులో ఉతకడం గురించి కాస్త, ఆరడం గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ఏ గుడ్డ పట్టుకెళ్ళాలో తేల్చుకోవాలి. మామూలు గాలిలోని తేమనే నూలు తన బరువులో 8 శాతం దాకా, ఉన్ని 16 శాతం దాకా పీల్చుకుంటాయి. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చుకోదు. తడిపినప్పుడు నీళ్ళు దాని పోగుల మధ్య నిలుస్తాయి తప్ప పోగు లోపలికి పోవు. అందుకే గట్టిగా పిండితే సగం ఆరినట్టే. అయితే పాలిస్టర్‌కి ఒంటి జిడ్డు పట్టుకుంటే ఒక పట్టాన వదలదు, చంకల దగ్గర వాసన నిలిచిపోతుంది. మెరినో ఉన్ని బనియన్లు నాలుగైదు రోజులు వేసుకున్నా వాసన రావు, కానీ ధర ఎక్కువ, ఆరడం పాలిస్టర్ కంటే ఆలస్యం. నా ఓటు పలచటి పాలిస్టర్ లేదా నైలాన్ చొక్కాలు మూడు, అవే రకం ప్యాంట్లు రెండు, లోగుడ్డలూ మేజోళ్ళూ మూడేసి జతలు. ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి, సంచిలో ఒకటి. నెల తిరిగినా ఆరు నెలలు తిరిగినా ఇదే లెక్క. జీన్స్ ఇంట్లోనే ఉండనివ్వండి.

కొన్న చొక్కా పనికొస్తుందో లేదో చూడటానికి మన ఊళ్ళోనే మంచి పరీక్ష ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఆ చొక్కాతో ఎక్కండి. ధనుర్మాసంలో అయితే మరీ మంచిది. కొండ మీద గదిలో రాత్రి ఎనిమిదింటికి ఉతికి, ఫ్యాను వెయ్యకుండా ఆరెయ్యండి. తెల్లారేసరికి తొడుక్కునేలా ఆరితే ఆ చొక్కా ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు. మెడపట్టీ, కుట్ల దగ్గర తడి తగిలితే వేరేది చూసుకోవాలి.

ఇంకో వస్తువు కూడా ఇక్కడిదే. ప్రయాణాల కోసమని అమ్మే మైక్రోఫైబర్ టవళ్ళు చాలామంది కొంటారు. పలచటి నేత తుండు ఒకటి ఉంటే వాటి అవసరం లేదు. ఒళ్ళు తుడుచుకోవడానికి, ఎండకి తలకి చుట్టుకోవడానికి, అన్నిటికన్నా ముఖ్యంగా ఉతికిన గుడ్డల్లో నీళ్ళు లాగడానికి పనికొస్తుంది. దుకాణంలో పెట్టిన గంజి పోయేలా రెండు మూడుసార్లు ఉతికాకే సంచిలో పెట్టండి. గంజి ఉన్న తుండు నీళ్ళు పీల్చదు. రెండు తుండ్లు ఉంటే ఇంకా మేలు.

సబ్బు విషయానికొస్తే బిళ్ళే సుఖం. విమానం లోపలికి తీసుకెళ్ళే సంచిలో ద్రవం ఏదైనా చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్ల సీసాకి మించకూడదు. బిళ్ళకి ఆ గొడవ లేదు. పొడి తీసుకెళ్ళొచ్చు, అయితే అమెరికా వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడిని విప్పి చూస్తారు. ఉతుకుడు సబ్బుని కత్తితో రెండు ముక్కలు చేసి, ఒక ముక్క వాడుతూ రెండోది పొడిగా దాచుకోవాలి. తడి బిళ్ళని డబ్బాలో మూసేస్తే మర్నాటికి ముద్ద అవుతుంది. వాడాక గంటసేపు గాలికి వదిలి, అప్పుడు మూత పెట్టాలి. ఉన్నికీ పట్టుకీ మాత్రం ఈ సబ్బు వద్దు. వాటికి రూపాయి షాంపూ ప్యాకెట్ చాలు. ఉతుకుడు పొడుల్లో మరకల్ని కరిగించడానికి కలిపే ఎంజైములు ఉన్ని పోగుని కూడా తినేస్తాయి.

విదేశీ గదుల్లో బక్కెట్టూ మగ్గూ ఉండవు. ముఖం కడుక్కునే సింకే బక్కెట్టు అనుకోవాలి. చాలా సింకులకి మూత సరిగ్గా పట్టదు. అరచెయ్యంత వెడల్పున్న చదునైన రబ్బరు బిళ్ళ ఒకటి ఉంటే ఏ కన్నం మీదైనా కూర్చుంటుంది. అది లేకపోతే మేజోడుని ఉండచుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి కన్నంలో దూర్చినా ఆగుతుంది. నాలుగైదు లీటర్ల గోరువెచ్చటి నీళ్ళకి పొడి అయితే ఒక టీ చెంచా. అంతకంటే ఎక్కువ వేస్తే మురికేమీ అదనంగా పోదు, జాడించడానికి మాత్రం నాలుగు సింకుల నీళ్ళు కావాలి. చొక్కా మొత్తాన్ని రుద్దక్కర్లేదు. మెడపట్టీ లోపలి వైపు, చంకలు, చేతుల అంచులు, ఈ మూడు చోట్లా బిళ్ళ రాసి, గుడ్డని గుడ్డతోనే రుద్ది, పావుగంట నానబెట్టాలి. తర్వాత పిసికి జాడించాలి. మూడో జాడింపులో నీళ్ళు తేటగా, వేలికి జారుడు లేకుండా ఉండాలి. సబ్బు మిగిలిపోతే గుడ్డ బిరుసెక్కుతుంది, ఒళ్ళు దురద పెడుతుంది, దుమ్ము త్వరగా పట్టుకుంటుంది.

ఉప్పు నీళ్ళ బోరు ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకి నురగ రావడం కోసం సబ్బు ఎక్కువ వేసే అలవాటు ఉంటుంది. జపాన్ నీళ్ళు మెత్తన. అక్కడ ఆ అలవాటుతో వేస్తే నురగ తెగదు, మన కొలతలో సగం చాలు. లండన్ నీళ్ళు మళ్ళీ మన బోరు నీళ్ళలాగే గట్టివి.

ఇప్పుడు అసలు పని. గుడ్డని చేతులతో పిండాక అందులో ఇంకా బోలెడు నీళ్ళుంటాయి. మంచం మీద కాకుండా నేల మీద పొడి తుండు పరచండి. పిండిన చొక్కాని దాని మీద మడతలు లేకుండా పరిచి, చేతులు లోపలికి మడవండి. రెండిటినీ కలిపి ఒక చివర నుంచి చాపలా గట్టిగా చుట్టండి. ఆ చుట్ట మీద మోకాలు ఆనించి, ఒక కొస నుంచి ఇంకో కొసకి బరువు వేస్తూ పోవాలి, లేదా కాలితో తొక్కాలి. మధ్యలో పట్టుకుని మెలి తిప్పితే ఇంకా దిగుతుంది, కానీ ఉన్నినీ సాగే గుడ్డల్నీ మెలి తిప్పకూడదు, ఆకారం పోతుంది. విప్పి చూస్తే తుండు తడిసి బరువెక్కి ఉంటుంది, చొక్కా చేతికి చల్లగా తగులుతుంది గానీ నీటి చుక్క రాలదు. రాత్రికి రాత్రి ఆరడానికీ ఆరకపోవడానికీ తేడా ఈ ఐదు నిమిషాల పనిలోనే ఉంది. తుండుని గట్టిగా పిండి పక్కనే ఆరెయ్యండి. పలచనిది కాబట్టి త్వరగానే ఆరుతుంది.

ఎక్కడ ఆరెయ్యాలన్నది తర్వాతి లెక్క. ఏసీ గదిలో గుడ్డలు ఆరవని చాలామంది అపోహ. ఏసీ గాలిలోని తేమని లాగి బయటికి పోస్తుంది కాబట్టి ముసురు ఊళ్ళలో ఏసీ గదే అన్నిటికన్నా మంచి చోటు. రిమోట్‌లో నీటి చుక్క గుర్తు ఉంటే దానికి పెట్టి, గాలి తగిలే దారిలో వెయ్యండి. బయట వాన పడుతుంటే కిటికీ తెరవకూడదు, తేమ లోపలికొస్తుంది. చలి దేశంలో దీనికి తలకిందులు. చల్లటి గాలిలో నీటి ఆవిరి తక్కువ, అది గదిలోకొచ్చి వేడెక్కితే తడిని బాగా పీలుస్తుంది. కాబట్టి హీటరు వేసి కిటికీని వేలెడంత తెరిచి ఉంచాలి. జపాన్ హోటళ్ళ స్నానాల గదుల్లో చాలాచోట్ల తొట్టి మీద గోడకి గుండ్రటి బిళ్ళ కనిపిస్తుంది. దాన్ని లాగితే సన్నటి దండెం వస్తుంది. మిగతా చోట్లకి జడలా అల్లిన రబ్బరు తాడు తీసుకెళ్ళాలి, జడ పాయల మధ్య గుడ్డ కొస దూరిస్తే క్లిప్పులు అక్కర్లేదు. చొక్కాల మధ్య జానెడు ఎడం ఉండాలి. ప్యాంటుని జేబులు బయటికి తీసి, నడుము పట్టీ గుండ్రంగా తెరుచుకునేలా వేలాడదీస్తే లోపల గాలి ఆడుతుంది.

రెండు చోట్ల మాత్రం ఎప్పుడూ వెయ్యకండి. గది పైకప్పులో చిన్న ఇత్తడి మూతిలాంటిది, మధ్యలో ఎర్రటి గాజు గొట్టంతో వేలాడుతుంటుంది. అది మంటలార్పే స్ప్రింక్లర్. ఆ ఎర్ర గొట్టం 68 డిగ్రీల వేడికి పగిలేలా చేసినది. హ్యాంగరు తగిలించినప్పుడు దెబ్బ తగిలినా పగులుతుంది. పగిలితే గదీ సామానూ అంతా నీళ్ళపాలు, నష్టం మీ నెత్తి మీద. రెండోది కరెంటు హీటరు. వేడి నీళ్ళు పారే ఇనుప రేడియేటర్ మీద మేజోళ్ళు వెయ్యొచ్చు గానీ, కరెంటు హీటరు మీద గుడ్డ కప్పితే అంటుకుంటుంది.

పది రోజులకోసారి వాషింగ్ మిషన్ పడాల్సిందే. డబ్బులిచ్చి మనమే ఉతుక్కునే మిషన్ల కొట్టు కోసం ఇటలీలో, స్పెయిన్‌లో ‘లావాండెరియా’, ఫ్రాన్స్‌లో ‘లావెరీ’, జర్మనీలో ‘వాష్‌సలోన్’ అన్న బోర్డు వెతకండి. చిల్లర ముందే చూసుకోవాలి. జపాన్ మిషన్లకి 100 యెన్ నాణేలు, థాయిలాండ్‌లో 10 బాత్ నాణేలు, అమెరికాలో పాత మిషన్లకి పావు డాలర్లు. జపాన్‌లో ‘సెన్‌తాకు’ అంటే ఉతకడం, ‘కన్సో’ అంటే ఆరబెట్టడం. అక్కడ చాలా మిషన్లు సబ్బు తామే పోసుకుంటాయి, మళ్ళీ మీరు వెయ్యకండి. ముందు తలుపున్న మిషన్‌లో చేత్తో ఉతికే పొడి వేస్తే నురగ పొంగి, మిషన్ తిరగడం ఆపేసి మళ్ళీ మళ్ళీ జాడిస్తుంది, చివరి పిండుడు సరిగ్గా జరగదు. గుడ్డలు వేసే ముందు డ్రమ్ములో చెయ్యి తిప్పి చూడండి, ముందు ఉతికినవాళ్ళ పెన్నో చూయింగ్ గమ్మో ఉండొచ్చు. మీ జేబుల్లో ఒక్క టిష్యూ కాగితం మిగిలినా నల్ల ప్యాంటు నిండా తెల్ల నూగు. 40 డిగ్రీలు మామూలు గుడ్డలకి చాలు. తామర ఉన్నవాళ్ళు లోగుడ్డలూ తుండ్లూ 60 డిగ్రీల మీద ఉతకాలి. డ్రయర్‌లో వేసే ముందు లేబుల్ చూడండి. చదరంలో గుండ్రం ఉంటే డ్రయర్ అని అర్థం, లోపల ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, కొట్టేసి ఉంటే వద్దని.

థాయిలాండ్‌లో, వియత్నాంలో, ఇండోనేషియాలో కిలోల లెక్కన ఉతికిచ్చే కొట్లు సందుకొకటి ఉంటాయి. చవకే, పని కూడా శుభ్రం. కాకపోతే అందరి గుడ్డలూ వేడి డ్రయర్‌లోకే పోతాయి, కాబట్టి ఉన్నివి ఇవ్వకండి. లెక్కపెట్టి, పరిచి, ఫోనులో ఫోటో తీసుకుని ఇవ్వండి. తెల్లారి బస్సు ఉందంటే ముందు రోజు సాయంత్రం ఇవ్వకండి. వానొస్తే వాళ్ళకీ ఆలస్యమవుతుంది. సువాసన కోసం పోసే మెత్తబరిచే ద్రవం వద్దని చెప్పండి, పాలిస్టర్‌కి పొరలా పట్టి, చెమటని ఒంటి మీంచి లాగే గుణాన్ని చెడగొడుతుంది.

సంచిలో ఆవకాయ సీసా ఉన్నవాళ్ళకి ఒక మాట. నూనె మరక మీద ముందు నీళ్ళు పొయ్యకండి. పొడిగా ఉన్నప్పుడే గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి పది నిమిషాలు వదలండి. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. కంగారు పడి గోకకండి, అది పసుపుకున్న గుణం. జాడించాక పచ్చదనం మిగిలితే ఎండలో వెయ్యండి, ఎండకి పసుపు రంగు విరుగుతుంది.

హాస్టల్ మంచంలో నల్లులు కనబడితే గుడ్డలన్నీ కవర్లో మూటగట్టి, తడపకుండా నేరుగా డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పండి. చచ్చేది వేడికి, సబ్బుకి కాదు. తర్వాత తీరిగ్గా ఉతుక్కోవచ్చు.

ఉగాండా, టాంజానియా లాంటి ఆఫ్రికా దేశాల్లో ఇంకో జాగ్రత్త. అక్కడ మామిడి ఈగ అనేది నీడలో ఆరేసిన తడి గుడ్డల మీద గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డ ఒంటికి తగిలితే పురుగు చర్మంలోకి దూరి సెగ్గడ్డలా పొంగుతుంది. అందుకే అక్కడ లోగుడ్డలతో సహా అన్నీ, రెండు వైపులా, కుట్లూ రబ్బరు పట్టీలూ వదలకుండా వేడిగా ఇస్త్రీ చేయించుకోవాలి. ఇస్త్రీ దొరకని చోట దోమతెర ఉన్న కిటికీలు మూసి, గది లోపలే ఆరెయ్యాలి.