బర్న్‌లీలో సాంచాల చప్పుడు

మాది సిరిసిల్ల. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటాం. రాత్రీ పగలూ ఆ టకటకల మధ్యే పెరిగినవాళ్ళం, అర్ధరాత్రి కరెంటు పోయి ఊళ్ళో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చి లేచి కూర్చునేవాళ్ళం. అలాంటిది మాంచెస్టర్ వచ్చి మూడేళ్ళయినా, రైలెక్కితే గంటలోపు చేరే బర్న్‌లీలో స్టీమ్ ఇంజన్‌తో నడిచే నేత మిల్లు ఇంకా ఉందని నాకు తెలీదు. ఆఫీసులో ఒకాయన మాటల్లో చెప్పాడు, ఆవిరితో మగ్గాలు నడిచే మిల్లు ప్రపంచంలో అదొక్కటే మిగిలిందట. ఇంజన్ నడిపే రోజు ఏదో కనుక్కుని బయల్దేరా.

విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే టాడ్‌మార్డెన్ దాటాక అంతా పచ్చటి కొండలు, గొర్రెలు, నల్లబడ్డ రాతి ఇళ్ళ వరసలు. బర్న్‌లీలో దిగి బస్సులో పైకి ఎక్కితే హార్ల్ సైక్ అనే చిన్న ఊరు, అక్కడే ఈ క్వీన్ స్ట్రీట్ మిల్లు. 1895లో మొదలై 1982 దాకా గుడ్డ నేసింది. దీన్ని పెట్టింది పెద్ద సేటు ఎవరో కాదట, ఊళ్ళో నేసేవాళ్ళే షేర్లు కొని పెట్టుకున్నారట. అది విన్నాక లోపలికి వెళ్ళకముందే ఆ మిల్లు మీద ఇష్టం పుట్టింది నాకు.

ముందు బాయిలర్ చూపించి తర్వాత ఇంజన్ గదిలోకి తీసుకెళ్ళారు. 500 హార్స్ పవర్ ఇంజన్, పేరు పీస్, అంటే శాంతి. చెవులు పగిలిపోతాయేమో అనుకున్నా గానీ అస్సలు చప్పుడే లేదు, వేడి నూనె వాసన, మెత్తగా ఉస్సు ఉస్సు మంటూ అంత లావు ఇనుప కడ్డీ ముందుకీ వెనక్కీ పోతోంది. ఒకే కడ్డీ మీద రెండు సిలిండర్లు, మొదటిదాంట్లో పని చేసిన ఆవిరి బయటికి పోకుండా రెండోదాంట్లోకి వెళ్ళి మళ్ళీ పని చేస్తుంది. ఆవిరిని ఇంత పొదుపుగా వాడుకోవడం ఒక్కరోజులో రాలేదు. 1712లో న్యూకామెన్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి డడ్లీ దగ్గర బొగ్గు గనిలో నీళ్ళు తోడటానికి పెట్టిన ఇంజన్ దెబ్బదెబ్బకీ సిలిండర్‌లోకే చన్నీళ్ళు చిమ్మి ఆవిరిని నీరు చేసేది, చల్లారిన సిలిండర్‌ని మళ్ళీ వేడి చేయాలి కాబట్టి బొగ్గు తెగ తినేది. బొగ్గు గని దగ్గరైతే సరే, ఇంకెక్కడైనా ఎట్లా తట్టుకుంటారు. ఆవిరిని పక్కన వేరే డబ్బాలోకి తీసుకెళ్ళి చల్లారిస్తే సిలిండర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కదా అని 1765లో జేమ్స్ వాట్‌కి తట్టింది. తర్వాత ఇంజన్‌తో చక్రం తిప్పించడం కూడా వచ్చింది, 1785లో పాపుల్‌విక్ అనే ఊళ్ళో నూలు మిల్లుకి బిగించారు. అప్పటిదాకా మిల్లు కావాలంటే ఏటి ఒడ్డుకే పోవాలి, ఆ తర్వాత బొగ్గు ఎక్కడికి వస్తే అక్కడ మిల్లు, మిల్లు ఎక్కడుంటే జనం అక్కడ. మాంచెస్టర్ అట్లా పెరిగిందే.

ఇంజన్ వేగం మారకుండా చూసే గవర్నర్ అనే పరికరాన్ని కూడా చూపించారు. వేగం ఎక్కువైతే బరువు గుండ్లు విచ్చుకుని ఆవిరిని తగ్గిస్తాయి, తగ్గితే ముడుచుకుని పెంచుతాయి. వేగం అటూ ఇటూ అయితే పోగులు తెగుతాయి మరి. మా ఇంట్లో వోల్టేజ్ పడిపోయినప్పుడల్లా బాపు పడ్డ తిప్పలు గుర్తొచ్చాయి.

మగ్గాల షెడ్డు తలుపు తీయగానే మాత్రం కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. 300 పైగా మగ్గాలు, పైన పొడుగ్గా తిరిగే ఇనుప దండాలు, వాటి నుంచి ఒక్కో మగ్గానికి తోలు బెల్టు. నడిపించింది కొన్నే, అయినా పక్కవాళ్ళ మాట వినబడలేదు. అన్నీ నడిచే రోజుల్లో ఇక్కడి ఆడవాళ్ళు పెదాల కదలిక చూసే మాట్లాడుకునేవాళ్ళట, దానికి మీ-మాయింగ్ అని పేరు కూడా ఉంది. బాపుకి వీడియో కాల్ చేశా. అక్కడ మధ్యాహ్నం మూడున్నర.

బాపుకి సాంచాల చప్పుడుకే చెవులు సగం పోయాయి, తాత గుంట మగ్గం మీద నేస్తే బాపు చిన్నప్పుడే సాంచాల మీదికి మారాడు. ఫోన్ అటు తిప్పా.

"గిది మన సాంచె లెక్కనే ఉన్నది గదనే! జర దగ్గర పెట్టు బిడ్డా, నాడె సూడాలె."

నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పోతూ అడ్డపోగు వేసే చెక్క. గైడ్ ఒక పాత నాడె చేతికిచ్చింది. ముక్కుకి ఇనుప మొన, చెక్క అరిగి నున్నగా ఉంది, పక్కన చిన్న చిల్లు. లోపలి కండె (నూలు చుట్టిన పుల్ల) మార్చినప్పుడల్లా ఆ చిల్లుకి నోరు పెట్టి పోగుని పీల్చి లాగేవాళ్ళట, ఒకే నాడెకి ఎంతమంది నోళ్ళో, రోగాలు ఒకరి నుంచి ఒకరికి. బాపుతో చెప్తే "మేం గూడ గట్లనే గుంజినం" అన్నాడు.

ఈ మిషన్లు మనోళ్ళ మగ్గాల్నే ముంచాయని చిన్నప్పట్నుంచీ విన్నా, అది నిజమే. కానీ ముందు ఆకలికి మాడింది ఈ కొండల్లో ఇంట్లో కూర్చుని చేమగ్గం నేసేవాళ్ళట. 1826లో కడుపు కాలి, చుట్టుపక్కల మిల్లుల మీద పడి వెయ్యికి పైగా మరమగ్గాలు పగలగొట్టారు, చాటర్టన్ అనే ఊళ్ళో సైన్యం కాల్పులు జరిపి మనుషుల్ని చంపింది. వందేళ్ళ తర్వాత, 1931లో, నాలుగు మగ్గాలు చూసేవాళ్ళని ఎనిమిది చూడమన్నందుకు ఇదే బర్న్‌లీలో పెద్ద గొడవ. నాకు ఒళ్ళు జలదరించింది, మా బాపు చూసింది కూడా ఎనిమిదే.

పొద్దున్నే పొడుగాటి కర్రతో కిటికీలు కొట్టి జనాన్ని లేపడానికే ఒక మనిషి ఉండేవాడట ఈ మిల్లు ఊళ్ళల్లో, ఇంజన్ మొదలయ్యే టైముకి మగ్గం దగ్గర ఉండాలి కదా. అదే ఇంజన్ ఏడాదికోసారి ఆగితే ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి పోయేదట. ఈ రెండోది మా అమ్మకి చెప్పాలనిపించింది, సాంచాలు, బీడీలు తప్ప ఇంకో ఊరు చూడలేదు ఆమె.

"వాళ్ళకు కూలి ఎట్ల ఇచ్చేటోళ్ళు? నెలకా, మీటర్లకా?" బాపు అడిగాడు. గైడ్‌ని అడిగా. నేసిన గుడ్డని బట్టేనంట, గుడ్డలో తప్పు కనబడితే కోత.

బాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంగో సాంచె నడిపిస్తరేమో అడుగు బిడ్డా" అన్నాడు. గైడ్ నవ్వి ఇంకో మగ్గానికి బెల్టు జరిపి నడిపించింది. ఫోన్‌ని మగ్గానికి ఆనించి పట్టుకుని నిలబడ్డా, బాపు తన ఫోన్‌ని చెవికి పెట్టుకున్నాడు, స్క్రీన్ నిండా చెవి ఒక్కటే కనబడింది.